ఏ యంత్రమునకు ఏ కెర్నెల్?

కొలదికాలము క్రిందట విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులొకరు మాకు ఉత్తరము వ్రాసిరి. తమ గ్రామమునందును చుట్టుపట్ల పల్లెలయందును వృద్ధస్త్రీలు పాడు దంపుళ్లపాటలను, అప్పగింతల పాటలను, జోలపాటలను వారు కొన్ని సంవత్సరములుగా సేకరించి, రాస్ప్‌బెర్రీ పై అను అరచేతిలో ఇముడు చిన్న కంప్యూటరులో భద్రపరచుకొనిరి. పాడినవారిలో కొందరు నేడు లేరు.

ఒకనాడు ఆ యంత్రము మందగించినట్లు వారికి తోచెను. క్రొత్త కెర్నెల్ వేసినచో బాగుపడునని యెవరో చెప్పిరి. మనుమని బల్లమీది కంప్యూటరులోను లినక్సే యున్నది గనుక, అందుండి "వీఎంలినజ్" అను ఫైలును తెచ్చి, చిన్న కంప్యూటరు కార్డులోని పాత కెర్నెల్ ఫైళ్లను తొలగించి, వాని స్థానమున దీనిని ఉంచిరి. అటుపిమ్మట యంత్రము మేల్కొనలేదు. ఆకుపచ్చని దీపము మాత్రము ఏడుమార్లు మిణుకుమని, కొంత ఆగి, మరల ఏడుమార్లు మిణుకుమనుచుండెను. ఫైలు పేరును పాత పేరువలె మార్చి చూచిరి. దీపము మిణుకుమనుట మానెను గాని తెరమీద అక్షరమొక్కటియు రాలేదు. "రెండింటను ఉన్నది లినక్సే గదా! ఒకదాని కెర్నెల్ మరొకదానికి ఏల పనికిరాదు? నా పాటలు పోయినట్లేనా?" అని వారి ప్రశ్న.

రెండవ ప్రశ్నకే ముందుగా సమాధానము చెప్పెదను. పాటలు పోలేదు. కెర్నెల్ ఉండు చోటు వేరు, పాటలుండు చోటు వేరు. ఇక మొదటి ప్రశ్న కొంత విపులముగా చెప్పవలసినది. ఇది ఆ శ్రోత యొక్కరికే సంబంధించిన విషయమును గాదు. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులయందు, ఇంటికి ఇంటర్నెట్టు నందించు రౌటర్లలో పెక్కింటియందు, టెలివిజన్ సెట్లలో అనేకముల యందు లినక్స్ కెర్నెలే పనిచేయుచున్నది. పాత యంత్రములకు మరల ప్రాణము పోయగోరు యువకులు మొట్టమొదట తడబడునది ఇచ్చటనే.

కెర్నెల్ అనగా కంప్యూటరును నడపు మూలకార్యక్రమము. మెమరీని పంచుట, ప్రాసెసరు కాలమును వంతులు వేయుట, కార్డును, తెరను, శబ్దయంత్రమును పలికించుట దాని విధులు. 1991వ సంవత్సరములో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇంటెల్ 386 యంత్రముకొరకు వ్రాసికొన్నది నేడు పలు జాతుల ప్రాసెసర్లపై నడచుచున్నది. మనుష్యులు వ్రాసిన మూలపాఠము అన్నిటికిని చాలవరకు ఒక్కటే. కాని ప్రాసెసరు ఆ పాఠమును చదువలేదు. ఒక్కొక్క జాతి ప్రాసెసరుకు ఒక్కొక్క యంత్రభాష కలదు. ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థల ప్రాసెసర్లది ఒక భాష. ఫోనులలోని ఆర్మ్ ప్రాసెసర్లది వేరొక భాష. మూలపాఠమును ఏ జాతికొరకు అనువదించితిమో ఆ జాతికే అది అర్థమగును. ఉపాధ్యాయులవారి మనుమని యంత్రము ఇంటెల్ జాతిది. చిన్న కంప్యూటరు ఆర్మ్ జాతిది. కావున పేరు మార్చినను ఫలితము లేకపోయెను.

అయితే భాష ఒక్కటియే సమస్య అయినచో ఈ ప్రసంగము ఇంతటితో ముగిసియుండెడిది. ఒకే జాతి ప్రాసెసరుకు అనువదించిన కెర్నెల్ సైతము అనేక రూపములలో దొరకును: వీఎంలినక్స్, ఇమేజ్, జెడ్ఇమేజ్, బీజెడ్ఇమేజ్, యూఇమేజ్, ఫిట్. ఇచ్చట ఇమేజ్ అనగా బొమ్మ గాదు. మెమరీలోనికి ఎక్కించుటకు సిద్ధపరచిన కెర్నెల్ ప్రతి యని భావము. ఇన్ని రూపములేల కలిగెనో తెలియవలయునన్నచో, మీట నొక్కిన పిమ్మట తొలి క్షణములలో జరుగు పనిని గమనింపవలయును.

విద్యుత్తు రాగానే ప్రాసెసరు మేల్కొనును గాని, కెర్నెల్ ఎచ్చట నున్నదో దానికి తెలియదు. యంత్రములోనే శాశ్వతముగా వ్రాసియుంచిన చిన్న కార్యక్రమమును అది మొదట నడుపును. దానిని ఫర్మ్‌వేర్ అందురు. అది బూట్‌లోడర్ అను మరొక కార్యక్రమమును పిలుచును. కొన్నిచోట్ల తానే ఆ పనియు చేయును. బూట్‌లోడరు కెర్నెల్ ఫైలును వెదకి, మెమరీలో ఒకచోట దింపి, దాని మొదటి ఆజ్ఞకు అధికారమప్పగించి తప్పుకొనును. ఫైలు ఏ రూపమున నుండవలయునో నిర్ణయించునది ఈ అప్పగింతయే. ఇచ్చువానికి తెలిసిన రూపమునను, పుచ్చుకొనువానికి తగిన చోటునను అది జరుగవలయును. రెండింట ఏది తప్పినను తెర నల్లగానే యుండును. దోషమేమో చెప్పుటకు కెర్నెల్ ఇంకను నోరు విప్పియుండదు గదా!

మూలపాఠమును అనువదించినపుడు మొదట పుట్టునది వీఎంలినక్స్. ఇది ఈఎల్ఎఫ్ అను రూపములో నుండును. ఏ భాగము ఏ చిరునామాలో నుండవలయునో, ఏ పనికి ఏ పేరో తెలుపు పట్టికలతో గూడియుండును. కెర్నెల్ కుప్పకూలినపుడు కారణమన్వేషించు నిపుణులకు ఈ పట్టికలే ఆధారము. కాని ఇది పరిమాణమున పెద్దది. ఈఎల్ఎఫ్ చదువగల బూట్‌లోడరు లేనిచోట పనికిరాదు. అందుచేత పట్టికల నన్నిటిని తీసివైచి, మెమరీలో ఎట్లుండవలయునో అట్టి బైట్లను మాత్రము వరుసగా పేర్చెదరు. దీనికే "ఇమేజ్" అని పేరు. పొట్టు తీసిన బియ్యమువంటిది. బూట్‌లోడరు దానిని సరియైన చోట దింపి, మొదటి బైటునకు దూకినచాలును.

ఈ ఇమేజ్ కూడ అనేక మెగాబైట్లుండును. ఫ్లాపీ చిన్నది, ఫ్లాష్ మెమరీ ఖరీదైనది, చదువుట నెమ్మది యైన దినములలో అది భారమయ్యెను. కావున కెర్నెలును కుదించి, దాని ముందు విప్పు కార్యక్రమమునొకదానిని చేర్చిరి. జిన్నింగు మిల్లులో పత్తిని అదిమి బేళ్లుగా కట్టి పంపుదురు. నూలు మిల్లు చేరిన పిదప విప్పుదురు. ఇచ్చట విప్పువాడు కూడ బేలుతోనే వచ్చుచున్నాడు. తన్ను తాను విప్పుకొను ఈ రూపమే జెడ్ఇమేజ్.

ఇంటెల్ జాతి పీసీలలో దీనికొక చిక్కు వచ్చెను. ఆ యంత్రములు పాత ఆచారముననుసరించి 16 బిట్ల స్థితిలో మేల్కొనును. ఆ స్థితిలో సులభముగా అందునది మొదటి 1 మెగాబైటు మాత్రమే. అందును సామాన్య కార్యక్రమములకు దొరకునది 640 కిలోబైట్లు. జెడ్ఇమేజ్ ఆ క్రింది మెమరీలోనే ఇమిడవలయును గనుక దానికి 512 కిలోబైట్ల హద్దు ఏర్పడెను. కెర్నెల్ పెరిగి ఆ హద్దును తాకెను. అప్పుడు 1996లో, ముఖ్యభాగమును 1 మెగాబైటునకు పైనున్న విశాల మెమరీలో దింపు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అదియే బీజెడ్ఇమేజ్. ఇచ్చట "బీ" అనగా బిగ్, పెద్దది అని అర్థము. బీజిప్2 అను కుదింపు పద్ధతిని ఈ పేరు సూచించునని పలువురు పొరబడుచుందురు. ఆ రెంటికిని సంబంధము లేదు.

పీసీలలో నేటికిని వాడుకలో నున్నది బీజెడ్ఇమేజే. అయితే దాని తలభాగము కాలముతో మారెను. పాత బయాస్ ఫర్మ్‌వేర్ స్థానమున యూఈఎఫ్ఐ వచ్చెను. యూఈఎఫ్ఐ నేరుగా నడుపగల కార్యక్రమములు విండోస్ కార్యక్రమముల కుటుంబమునకు చెందిన రూపములో నుండవలయును. 2012లో వెలువడిన లినక్స్ 3.3 నుండి బీజెడ్ఇమేజ్‌కే ఆ తలకట్టును చేర్చు వీలు కలిగెను. కావున ఒకే ఫైలును గ్రబ్ వంటి బూట్‌లోడరు తనకు తెలిసిన విధమున ఎక్కించగలదు. యూఈఎఫ్ఐ కూడ, తక్కిన ఏర్పాట్లు సరిగా నున్నచో, మధ్యవర్తి లేకుండ నడుపగలదు. మన బల్లమీది కంప్యూటరునకు సంబంధించినంతవరకు ఎంపికలో చిక్కు లేదు. కనబడు వీఎంలినజ్ అను ఫైలు పేరుకు వీఎంలినజ్, లోన బీజెడ్ఇమేజ్.

ఆర్మ్ జాతి చరిత్ర వేరు. పీసీ లన్నిటికిని ఒక ఉమ్మడి కట్టుబాటు కలదు. ఆర్మ్ బోర్డులలో అట్టిది చిరకాలము లేకుండెను. ఒక బోర్డులో మెమరీ ఒక చిరునామా వద్ద ఆరంభమగును, మరొకదానిలో వేరొక చిరునామా వద్ద. ఏ తీగె ఏ పరికరమునకు పోవుచున్నదో అడిగి తెలిసికొను మార్గమును లేదు. ఇట్టి బోర్డులలో యూ-బూట్ అను బూట్‌లోడరు ప్రసిద్ధి కెక్కెను. అది కోరిన రూపము యూఇమేజ్. కెర్నెల్ ప్రతికి ముందు 64 బైట్ల చీటీని అతికించుట దీని విశేషము. రైల్వే పార్సెలుపై చీటీవలె దానిపై అన్నియు వ్రాసియుండును: ఏ జాతి ప్రాసెసరుది, ఎంత పరిమాణము, ఏ పద్ధతిలో కుదించినది, ఏ చిరునామాలో దింపవలయును, ఎచ్చట నుండి నడుపవలయును, మార్గమధ్యమున చెడినదో లేదో తెలుపు సరిచూపు సంఖ్య యేది. సరుకు చెడియున్నచో యూ-బూట్ దానిని నడుపక ఆ మాట తెరపై చెప్పును. ఇది గొప్ప మేలు.

కాని చీటీ మీద చిరునామా ఒక్కటే యుండును. మెమరీ వేరొకచోట ఆరంభమగు బోర్డునకు ఆ ఫైలు పనికిరాదు. 2012 నాటి లినక్స్ 3.7 మొదలుకొని ఒకే కెర్నెల్ పలు ఆర్మ్ బోర్డులపై నడచుటకు మార్గము సుగమమయ్యెను. బోర్డులోని పరికరముల జాబితాను కెర్నెల్‌లో గాక, డివైస్ ట్రీ అను ప్రత్యేకమైన ఫైలులో ఉంచి బూట్‌లోడరు అందించును. అప్పుడు స్థిరమైన చిరునామా గల యూఇమేజ్ కంటె జెడ్ఇమేజే మేలని తేలెను. 32 బిట్ల ఆర్మ్ జెడ్ఇమేజ్ తానెచ్చట దింపబడినదో చూచుకొని, మెమరీ ఆరంభమును లెక్కవేసి, అచ్చటికి కెర్నెలును విప్పుకొనగలదు. యూ-బూట్ కూడ జెడ్ఇమేజ్‌ను నేరుగా నడుపుట నేర్చెను.

64 బిట్ల ఆర్మ్ విషయమున కెర్నెల్ కర్తలు ఇంకొక నిర్ణయము చేసిరి. విప్పు కార్యక్రమమును కెర్నెల్‌కు తగిలింపనే లేదు. ఆ భారమును బూట్‌లోడరుకే విడిచిరి. కావున ఈ జాతికి మూలరూపము కుదించని "ఇమేజ్". దానికి 64 బైట్ల తలకట్టు, గుర్తింపు ముద్ర ఉండును. 2 మెగాబైట్ల మెట్లుగా లెక్కించిన చోటనే దానిని దింపవలయును. జీజిప్ పద్ధతిని కుదించిన "ఇమేజ్.జీజెడ్" కూడ తయారగును గాని, విప్పగల బూట్‌లోడరు ఉన్నపుడే దానిని ఎంచుకొనవలయును. విప్పలేని బూట్‌లోడరు కుదించిన బైట్లనే ఆజ్ఞలనుకొని నడుపబోయి చతికిలబడును. 2022లో వచ్చిన లినక్స్ 6.1 ఈ లోటును కొంత తీర్చెను. యూఈఎఫ్ఐ గల యంత్రములకొరకు, కుదించిన కెర్నెలును తానే విప్పు చిన్న యూఈఎఫ్ఐ కార్యక్రమములో చుట్టి ఇచ్చు రూపమును అది ప్రవేశపెట్టెను.

రాస్ప్‌బెర్రీ పైలో పేరునకే పట్టింపు కలదు. దాని ఫర్మ్‌వేర్ కార్డులోని మొదటి విభాగమున కెర్నెల్.ఐఎమ్‌జీ, కెర్నెల్7.ఐఎమ్‌జీ, కెర్నెల్8.ఐఎమ్‌జీ అను పేర్లతో వెదకును. ఆ క్రమముననే మొదటిది తొలితరము బోర్డులకు, రెండవది తరువాతి 32 బిట్ల వానికి, మూడవది 64 బిట్ల వ్యవస్థకు చెందినవి. వెదకిన పేరు దొరకనిచో ఆకుపచ్చని దీపమును ఏడుమార్లు మిణుకుమనిపించును. "కెర్నెల్ కనబడలేదు" అని దాని భావము. ఉపాధ్యాయులవారి యంత్రము ఆ దినమున సత్యమునే పలికినది. ఆ భాష వారికి తెలియలేదు. పేరు మార్చగా ఫైలు దొరికెను, దీపము మానెను. కాని దొరికినది వేరొక జాతి భాష.

తక్కిన జాతులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. పవర్‌పీసీ కుటుంబములోని 64 బిట్ల సర్వర్ల బూట్‌లోడర్లు ఈఎల్ఎఫ్ చదువగలవు. అందుచేత వీఎంలినక్స్‌నే నడుపును. అదే కుటుంబములోని చిన్న బోర్డులకు యూఇమేజ్ వంటివి వాడిరి. రౌటర్లలో వెలసిన మిప్స్ జాతికి, బూట్‌లోడరునుబట్టి ఈఎల్ఎఫ్ గాని యూఇమేజ్ గాని. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేములకు తయారగు ఫైలునకు బీజెడ్ఇమేజ్ అనియే పేరు. అయినను అది పీసీలో నడవదు. మద్రాసు ఐఐటీవారు శక్తి అను పేరుతో రూపొందించిన ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ జాతివి. ఆ జాతి 64 బిట్ల ఆర్మ్ మార్గమునే చాలవరకు అనుసరించి, ఇంచుమించు అట్టి తలకట్టు గల ఇమేజ్‌ను వాడుచున్నది.

ఇక ఫిట్ అను రూపము. కెర్నెల్, డివైస్ ట్రీ, ఆరంభమున కావలసిన చిన్న ఫైళ్ల మూట, వీటినన్నిటిని ఒకే కట్టగా కట్టి, ప్రతిదానికిని సరిచూపు సంఖ్యను, కావలసినచో డిజిటల్ సంతకమును చేర్చి యూ-బూట్‌కు అందించును. ఒకే కట్టలో పలు బోర్డుల డివైస్ ట్రీలను ఉంచవచ్చును. ఇతరులు మార్చిన కెర్నెల్ నడవరాదని కోరు యంత్రములకును, యూ-బూట్‌పై క్రొత్తగా పని మొదలుపెట్టువారికిని యూఇమేజ్ కంటె ఇదియే తగినది.

కుదింపు పద్ధతులలోను ఎంపిక కలదు. జీజిప్ ప్రాచీనమైనది, విస్తారముగా చెల్లునది. ఎక్స్‌జెడ్ చాల చిన్నదిగా కుదించును గాని విప్పుట నెమ్మది. ఎల్‌జెడ్4 ఫైలు కొంత పెద్దదైనను క్షణములో విప్పుకొనును. 2020 నుండి పీసీ కెర్నెల్‌కు వీలైన జెడ్‌స్టాండర్డ్ ఈ రెంటికిని మధ్యనుండును. ఫ్లాష్ చిన్నదైన రౌటరుకు చిన్న ఫైలు ముఖ్యము. తలుపు తీయగానే పలుకవలసిన యంత్రమునకు వేగము ముఖ్యము. సందేహమున్నచో జీజిప్‌నే ఉంచుకొనుట మంచిది.

కావున కెర్నెల్ ఎంచుకొనువారు మూడు ప్రశ్నలను ఈ వరుసలోనే వేసికొనవలయును. మొదటిది, ప్రాసెసరు ఏ జాతిది, 32 బిట్లదా 64 బిట్లదా? నడచుచున్న లినక్స్ యంత్రములో "యూనేమ్" అను ఆజ్ఞ దీనిని తెలుపును. రెండవది, బూట్‌లోడరు ఏది, అది ఏ రూపమును చదువగలదు? మూడవది, కుదించిన దానిని విప్పువారెవరు, బూట్‌లోడరా, కెర్నెలేనా? ఈ మూడింటికి జవాబు దొరికినచో సామాన్యముగా ఒకటి రెండు రూపములే మిగులును. చేతిలోని ఫైలు నిజముగా ఏ రూపమో దాని పేరునుబట్టి నిర్ణయింపరాదు. లినక్స్‌లో "ఫైల్" అను పేరుగల ఆజ్ఞ తలకట్టును చదివి, ఇది బీజెడ్ఇమేజా, 64 బిట్ల ఆర్మ్ ఇమేజా, యూఇమేజా చెప్పగలదు. ఆ యొక్క నిమిషపు పరీక్ష పలుమారులు ఒక దినపు శ్రమను తప్పించును.

మరొక జాగ్రత్త. కెర్నెల్‌తోబాటు మాడ్యూళ్లు అను సహాయక ఫైళ్లుండును. అవి అదే కూర్పునకు చెందినవి కావలయును. జాతి, రూపము సరిపడినను కూర్పు వేరైనచో యంత్రము లేచును గాని శబ్దమో, నెట్‌వర్కో పనిచేయకపోవచ్చును. అందుచేత కెర్నెలును చేతితో మార్చుటకంటె, ఆ వ్యవస్థ తన ప్యాకేజీల ద్వారా ఇచ్చు దానిని తీసికొనుట క్షేమము. చేతితో మార్చక తప్పనిచో పాతదానిని వేరొక పేరుతో దాచి, అటుపిమ్మటనే క్రొత్తదానిని ఉంచవలయును.

ఉపాధ్యాయులవారికి మేము వ్రాసిన జవాబు ఇది. "అయ్యా, మీ కార్డులో రెండు విభాగములు కలవు. మీరు మార్పు చేసినది మొదటి చిన్న విభాగములో. పాటలు రెండవదానిలో నున్నవి; వాని నెవరును తాకలేదు. ముందుగా ఆ కార్డును మీ మనుమని లినక్స్ కంప్యూటరునకు తగిలించి, పాటలనన్నిటిని వేరొక డిస్కులోనికి నకలు తీసికొనుడు. అది పూర్తియగువరకు మరే ప్రయత్నమును చేయవలదు. పిమ్మట మీరు మొదట వేసికొన్న వ్యవస్థ కూర్పులోనిదే యగు కెర్నెల్8.ఐఎమ్‌జీ ఫైలును మొదటి విభాగములో నుంచుడు."

పది దినములకు కార్డు ముక్క యొకటి వచ్చెను. యంత్రము లేచినదనియు, మొదట వినిపించినది తమ పినతల్లిగారు పాడిన జోలపాట యనియు వ్రాసిరి. నకళ్లు ఇప్పుడు రెండుచోట్ల నున్నవట. యంత్రము ఎందుకు మందగించెనో మాత్రము ఇంకను తెలియలేదట. ఆ సంగతి మరల వ్రాసెదమనిరి. శ్రోతలలో ఎవరైనను ఇట్టి సంపద నొకే యంత్రములో దాచియున్నచో, కెర్నెల్ జోలికి పోకముందే రెండవ నకలు తీసికొనవలయునని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.